మేకలు రాకూడని చోటు

జులై 5, శనివారం

కొత్త స్కూల్లో మొదటి వారం గడిచింది. నరసరావుపేటలో బస్సెక్కి నకరికల్లు అడ్డరోడ్డులో దిగాలి. అక్కడి నుంచి షేర్ ఆటోలో, కాళ్ళ దగ్గర పురుగుమందు డబ్బాలు పెట్టుకుని కూర్చునే మనుషుల మధ్య ఇరుక్కుని రావాలి. బడికి చేరేసరికి నేను టీచర్‌లా ఉండను, ఎక్కడో తప్పిపోయి వచ్చిన మనిషిలా ఉంటాను.

పేటలో నా గైడ్స్ జట్టు అంటే జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. ఇక్కడ కూడా జట్టు పెడతానంటే హెడ్మాస్టరు చంద్రమౌళి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"గైడ్సా? పత్తి తీతలు మొదలైతే ఈడ పిల్లలు బడికే రారమ్మా. వాళ్ళ చేత కవాతు చేయించి ఏం చేస్తారు?"

స్టాఫ్ రూంలో అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో గుర్తు పెట్టుకున్నాను.

ఇంట్లో మా ఆయన శ్రీకర్‌తో మాటలు లేవు. జూన్‌లో బదిలీ కాయితం చూసి, "నీ నోటి వల్లే ఇంత దూరం పడ్డావు" అన్నాడు. ఎనిమిదేళ్ళు నిండితే ఎవరికైనా బదిలీ తప్పదని ఆయనకు తెలుసు. తెలిసీ అన్నాడు. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే కుక్కర్లో అన్నం తింటాం. అంతవరకే.

జులై 12, శనివారం

పద్నాలుగు మంది పిల్లలు చేరారు, అందరూ ఏడూ ఎనిమిదీ తరగతుల ఆడపిల్లలు. బడి వెనక గుట్ట దాకా తీసుకెళ్ళాను. కళ్ళకు స్కార్ఫ్ కట్టి, ఒక్కొక్కరినీ గుండ్రంగా తిప్పి, ఒక చెట్టు దగ్గర నిలబెట్టాను. చేత్తో తడమాలి, బెరడు గీకి వాసన చూడాలి, ఆకు నలపాలి. తర్వాత వెనక్కి తీసుకొచ్చి కట్టు విప్పితే తన చెట్టేదో తనే వెతుక్కోవాలి. పుస్తకంలో నెల రోజులు చెప్పినా రానిది ఒక్క గంటలో వచ్చింది. చెట్టంటే ఆకుపచ్చగా ఉండేదని తప్ప ఇంకేమీ తెలియని పిల్లలు, కానుగ బెరడుకీ వేప బెరడుకీ తేడా మాట్లాడుకుంటూ దిగారు.

లిఖిత అనే పిల్ల చురుకైనది. స్కూల్ కమిటీ చైర్మన్ పుల్లారావు గారి అమ్మాయి. లీడర్‌గా పనికొస్తుంది. నస్రీన్ అని ఇంకో పిల్ల ఉంది. మాట తక్కువ. ముళ్ళను వేరు చేసే ఆటలో రేగు ముల్లు వంకర, తుమ్మ ముల్లు నిటారు, బలుసు ముళ్ళు జంటగా ఉంటాయని తనే పక్కవాళ్ళకు చూపించింది.

"ముల్లెందుకు పుడుతుంది?" అని అడిగాను.

"మేకలు తినకుండా టీచర్" అంది లిఖిత.

ఈ ఊళ్ళో ఇదొక్క గంటే నాది అనిపించింది.

జులై 19, శనివారం

బడి వెనక అరెకరం స్కూలుదే. అంతా సర్కారు తుమ్మ. ఎక్కడి నుంచో వచ్చి ఈ నేలంతా ఆక్రమించిన చెట్టది, దాని కింద ఇంకేదీ బతకదు. పుల్లారావు గారికి చెబితే ట్రాక్టరూ మనుషులనూ పంపారు. సాయంత్రానికి నేల బోసిగా, ఎర్రగా బయటపడింది. కంపంతా ట్రాక్టర్లో వేసుకుపోయారు.

ఇక్కడ మన నేలలో పుట్టిన మొక్కలే పెడతాం. వేరే నేల మొక్క ఒక్కటి కూడా ఉండకూడదు. సెప్టెంబర్లో జిల్లా గైడ్స్ కమిషనర్ మేడం వచ్చి చూస్తానన్నారు. అప్పుడు నవ్వమనాలి స్టాఫ్ రూంని.

జులై 26, శనివారం

నాటాం. రేగు, బలుసు, నేరేడు, మోదుగ, చండ్ర, రేల, తంగేడు. గుంతలు పిల్లలే తీశారు. వాన నీళ్ళు నిలవడానికి మధ్యలో పెద్ద ఇంకుడు గుంత కూడా తవ్వారు, అడుగున రాళ్ళు పరిచారు. ఒక్కో మొక్కకు ఒక్కో పిల్ల పేరు రాసి అట్టముక్క కట్టాం. సాయి ప్రియ తన రేల మొక్క పక్కన కూర్చుని దానితో ఏదో చెబుతూ ఉంది. నేను విననట్టు ఊరుకున్నాను.

జులై 28, సోమవారం

సగం పోయాయి.

ఉదయం నేను వెళ్ళేసరికి ఇంకా తింటున్నాయి. నల్లవి, చుక్కలవి, ఓ మేకల మంద. నేరేడు మొక్కలు మొదలు దాకా కొరికేశాయి. అవతల రోడ్డు మీద ఒక ముసలామె కర్ర భుజాన పెట్టుకుని, అవి తనవి కానట్టు నిలబడి ఉంది.

"ఈ మేకలు నీవేనా?"

"నావే. ఏందమ్మా?"

"స్కూలు స్థలంలోకి ఎందుకు తోలావు?"

"నేనేడ తోలా? అయ్యే పోయినయి. మొన్నటిదాకా చుట్టూరా కంప ఉండేది, లోపలికి పోయేటియి కావు. కంపేమో మీరు కొట్టిస్తిరి."

"పిల్లలు నాటుకున్న మొక్కలవి. బుద్ధి లేదా నీకు?"

అప్పుడు దగ్గరకు వచ్చింది. ఎండకు ముడతలు పడిన ముఖం, నా భుజం దాకా కూడా రాని మనిషి. "బుద్ధి సంగతి నువ్వు చెప్పబాక. నెలయ్యేసరికి జీతమొచ్చే దానివి, నీకు మొక్కలు ఆట. నాకు ఈ మేకలే కూడు. ఆడుకోవాలంటే మీ పేటలో ఆడుకో పో."

ఆమె పేరు ఖాతూన్ బీ. నస్రీన్ వాళ్ళ నాయనమ్మ. తల్లీదండ్రీ హైదరాబాద్‌లో పనిలో ఉంటే పిల్ల ఆమె దగ్గరే పెరుగుతోంది. మధ్యాహ్నం నస్రీన్‌ను పిలిచి, "మీ నాయనమ్మకు నువ్వయినా చెప్పు" అన్నాను. తల వంచుకుని, "చెప్తా టీచర్" అంది.

జులై 29, మంగళవారం

పరాయి చేలో పడ్డ పశువుల్ని కట్టేసే బందెలదొడ్డికి ఆ మేకల్ని తోలించమని హెడ్మాస్టరు గారిని అడిగాను. "బందెలదొడ్డి ఇప్పుడేడుంది? పడిపోతే ఆ జాగాలో అంగన్‌వాడీ కట్టారు" అన్నారు. "పోనీయండమ్మా, ముసల్ది. మాటకు మాట పెంచుకోబాకండి."

నా మొక్కలు పోతే పోనివ్వాలి. అందరూ నాకే చెబుతారు.

ఆగస్టు 2, శనివారం

ఈరోజు పాఠం బాగా నడిచింది. బోర్డు మీద 'మొక్కకు శత్రువులు ఎవరు?' అని రాశాను. పురుగు, ఎండ, మంట, గొడ్డలి అన్నారు. వెనక నుంచి ఎవరో "మేక" అన్నారు. ఇక అందరూ "మేక, మేక" అని బల్లలు చరిచారు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత బయట ఆట ఆడించాను. కొందరు మొక్కలు, కదలకూడదు. కొందరు మేకలు. మిగతావాళ్ళు కాపలా. సాయి ప్రియ మేకై నాలుగు కాళ్ళ మీద పాకుతూ వస్తే లిఖిత కర్ర పట్టుకుని వంగి, నోట్లో ఏదో నములుతున్నట్టు ముఖం పెట్టి, ఖాతూన్ బీలా నడిచింది. అచ్చం అలాగే ఉంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆట ద్వారా నేర్చుకోవడం అంటే ఇదే.

నస్రీన్ ఆడలేదు. కడుపు నొప్పంది.

ఆగస్టు 9, శనివారం

చుట్టూ ముళ్ళకంచె వేశాం. పోయినవాటి స్థానంలో కొత్త మొక్కలు పెట్టాం. రోజుకు ముగ్గురు చొప్పున కాపలా, ఇంటర్వెల్లోనూ అన్నం వేళలోనూ. మెడలో విజిల్. మేకల్ని తోలినవాళ్ళకు స్కార్ఫ్ మీద కట్టుకోవడానికి పచ్చ రిబ్బన్. ఈ ఆలోచన నాదే. రిబ్బన్ కోసం పిల్లలు అన్నం కూడా సగంలో వదిలేసి పరిగెడుతున్నారు. అయిదో తరగతి దాకా పలక పట్టుకుని ఏడ్చిన పిల్లలట, ఇప్పుడు బలుసుకూ వాక్కాయకూ తేడా దూరం నుంచే చెబుతున్నారు. ఇంతకంటే ఏం కావాలి?

ఆగస్టు 12, మంగళవారం

నస్రీన్ వచ్చి తనను కాపలా నుంచి తీసేయమంది.

"ఎందుకు?"

"మా నాయనమ్మ తిడతంది టీచర్. మా మేకల్నే తోలుతున్నావా అని."

"యూనిఫాం వేసుకున్నాక ఇంటి సంగతులు ఇంట్లోనే వదిలి రావాలి. గైడ్ అంటే అదే."

"వేరే ఏ పనైనా చేస్తా టీచర్. నీళ్ళు పోస్తా. రెండు పూటలా పోస్తా."

"ఒక్కరికోసం రూల్ మారదు. నీకు మంగళవారం."

వెళ్ళిపోయింది. మొండిగా ఉండకూడదని ఇప్పుడే నేర్పకపోతే ఎప్పుడు నేర్పుతాం?

ఆగస్టు 15, శుక్రవారం

జెండా పండగ. గైడ్స్ నియమాలన్నీ పిల్లలు చూడకుండా చెప్పారు. గైడ్ జంతువులకు నేస్తం, ప్రకృతిని ప్రేమిస్తుంది అనే నియమం దగ్గర లెక్కల మేడం నా వైపు చూసి నవ్వింది. ఆమెకు పనేం లేదు.

ఆగస్టు 23, శనివారం

కంచె రెండు చోట్ల పడిపోయింది. మేకలే పడగొట్టాయో, ఆమే లాగిందో. నా లెక్కలో ఆమే.

లిఖిత అడిగింది. "అరిస్తే పోవట్లా టీచర్. విజిల్ వేసినా బెదరట్లా. ఏం చెయ్యాలి?"

"ఎట్లాగైనా తోలండి. ఇంకొక్క మొక్క పోకూడదు" అన్నాను.

ఆగస్టు 30, శనివారం

ఆటో దిగుతుంటే ఖాతూన్ బీ ఎదురొచ్చింది. ఆపి అడిగింది. "టీచరమ్మా, బళ్ళో నన్ను చూపించి పిల్లల్ని నవ్విస్తున్నావంట."

"మేకల సంగతి చూసుకో ముందు."

"నా నడక చూసి నవ్వుకోమను. తప్పు లేదు, నడుం వంగింది. నా మనవరాలి ముందు నవ్వొద్దని చెప్పు."

జవాబు చెప్పకుండా వచ్చేశాను. వీధిలో నిలబడి ఆమెతో మాట్లాడాల్సిన అవసరం నాకు లేదు. నస్రీన్ ఇంట్లో ఇవన్నీ మోస్తోందన్నమాట. చాడీలు చెప్పే పిల్ల జట్టులో ఉంటే జట్టు నిలవదు.

సెప్టెంబర్ 6, శనివారం

మోదుగ కొత్త ఆకు వేసింది. కమిషనర్ మేడం ఇరవయ్యో తేదీన వస్తున్నారు.

శ్రీకర్ ఈరోజు కూడా టీవీ సౌండ్ తగ్గించలేదు. నేనూ అడగలేదు.

సెప్టెంబర్ 16, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అన్నం బెల్లు కొట్టాక నేను స్టాఫ్ రూంలో ఉన్నాను. విజిల్ వినబడింది, ఆగకుండా. తర్వాత అరుపులు. నేను వెళ్ళేలోపలే లిఖిత, సాయి ప్రియ, ఇంకో నలుగురు నాకు ఎదురు పరిగెత్తుకొచ్చారు. ముఖాలు వెలిగిపోతున్నాయి.

"టీచర్, పడగొట్టాం" అంది లిఖిత. "ఇంక రావు టీచర్. ఒక్కటి కూడా రాదు."

"అందరికీ రిబ్బన్ ఇస్తారా టీచర్?" అంది సాయి ప్రియ.

కంచె లోపల మొక్కలన్నీ బాగానే ఉన్నాయి. ఇంకుడు గుంతలో నల్లమేక పడి ఉంది. మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. పొట్ట పెద్దగా ఉంది. చూడి మేక. రాళ్ళ దెబ్బలకు బెదిరి, గుంత చూడకుండా దూకినట్టుంది. చుట్టూ కంకర రాళ్ళు.

నస్రీన్ గుంతలో దాని పక్కన కూర్చుని ఉంది. లేవమంటే లేవలేదు. చెయ్యి పట్టుకుని లేపబోతే గట్టిగా వెనక్కి లాక్కుంది. నా చేతి నుంచి అలా లాక్కున్న పిల్ల ఇంతవరకు లేదు. పొగరు.

వరుసలో నిలబెట్టి అడిగాను. ఎవరు మొదలుపెట్టారు? లిఖిత అంది, "నస్రీనే ముందు వేసింది టీచర్. ఇవాళ కాపలా కూడా ఆ పిల్లదే." సాయి ప్రియను అడిగితే నేల చూస్తూ "అవును టీచర్" అంది. మిగతావాళ్ళూ అవునన్నారు.

ఖాతూన్ బీ వచ్చింది. ఎవరు చెప్పారో. గుంత అంచున కూర్చుని మేక పొట్ట మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత లేచి, "ఎవరు?" అని అడిగింది.

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మీ పిల్లే ముందు రాయి వేసిందంట ఖాతూన్ బీ. అందరూ చూశారు. మీ ఇంటి పిల్ల చేసినదానికి బడిని అనటానికి లేదు."

ఆమె నా వైపు చూసింది. నేను ఔనని కానీ కాదని కానీ అనలేదు. ఆమె తిరిగి నస్రీన్ చెంప మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. పిల్ల ఏడవలేదు, నోరు విప్పలేదు. స్కార్ఫ్ జారి కింద పడింది.

చూస్తూ నిలబడ్డాను. అది వాళ్ళింటి విషయం.

సెప్టెంబర్ 17, బుధవారం

రాయి అనే మాట నేను అనలేదు.

సెప్టెంబర్ 20, శనివారం

కమిషనర్ మేడం వచ్చారు. చాలా మెచ్చుకున్నారు. మొక్కల పేర్లు లిఖిత గడగడా చెప్పింది. కళ్ళకు గంతలు కట్టి చెట్టును గుర్తుపట్టే ఆట మేడం గారే స్వయంగా ఆడారు, ఆమె మాత్రం గుర్తుపట్టలేకపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్మాస్టరు గారు నన్ను 'మా భవ్య మేడం' అన్నారు. ఇంకుడు గుంత మీద తాటాకులు కప్పించాను.

నస్రీన్ బుధవారం నుంచి రావడం లేదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

పేపర్లో ఫొటో పడింది. నా ముఖం సగమే కనిపిస్తోంది.

ఆ రోజు నేను 'ఎట్లాగైనా' అన్నాను, నిజమే. అరవండి అని, కర్ర చూపించండి అని దాని అర్థం. పెద్ద పిల్లలు, ఆమాత్రం అర్థం చేసుకోలేరా? రాయి అనే మాట నేను అనలేదు.

అక్టోబర్ 4, శనివారం

దసరా సెలవులన్నీ ఇంట్లోనే. ఈరోజు శ్రీకర్ మాట్లాడాడు. ఆయన పనిచేసే జిన్నింగ్ మిల్లుకు మా స్కూలున్న ఊరి నుంచి పత్తి బండ్లు వస్తాయి. డ్రైవర్లు చెప్పుకుంటుంటే విన్నాడట.

"మీ బళ్ళో పిల్లలు చూడి మేకను కొట్టి చంపారంట."

"పిల్లలు కాదు. ఆ మేకలామె మనవరాలే ముందు వేసింది."

"ఆ పిల్ల ఏమంటంది?"

"ఏమనేదేముంది? అందరూ చెప్పారు."

"ఆ పిల్ల ఏమందని అడుగుతున్నా."

నాలుగు నెలల తర్వాత నోరు తెరిచి ఈయన అడిగిన మాట ఇది. నేను గిన్నెలు తోముకుంటూ ఉండిపోయాను. నా పక్షాన ఒక్క మాట అనడం ఈ జన్మలో చేతకాదు ఈ మనిషికి.

అక్టోబర్ 6, సోమవారం

బడి తెరిచారు. నస్రీన్ రాలేదు.

అక్టోబర్ 8, బుధవారం

రాలేదు. పత్తి తీతకు పంపుతున్నారేమో అన్నాడు అటెండరు. పోనీ.

అందరినీ అడిగాను ఆ రోజు. లిఖితను అడిగాను, సాయి ప్రియను అడిగాను. మిగతావాళ్ళను కూడా.

అక్టోబర్ 11, శనివారం

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయలేను. స్కూలు వదిలాక ఆటో ఎక్కకుండా కాళ్ళు అటు నడిచాయి.

ఊరి చివర కాలనీలో రెండు గదుల ఇల్లు. వాకిట్లో మేకలకు తుమ్మ కాయలు పోసి ఉన్నాయి. ఖాతూన్ బీ గడపలో నిలబడి దారి ఇవ్వలేదు.

"నస్రీన్ ఉందా?"

"లేదు. పత్తికి పోయింది."

ఆమె వెనక, చీకట్లో, పిల్ల గౌను అంచు కనబడుతూనే ఉంది.

"లోపలే ఉంది కదా."

"ఉంటే ఏంది? నీకు లేదు."

తిరిగి వచ్చేద్దామనుకున్నాను. అప్పుడు నస్రీన్ వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా వెదురు బద్దలతో కట్టు ఉంది. పత్తికి పోవడానికి వీల్లేని చెయ్యి.

"ఏమయింది చేతికి?" అని అడిగాను.

ఖాతూన్ బీ నవ్వింది. "ఏమయిందంట. అడుగుతంది. ఆలకించు."

నస్రీన్ చెప్పింది. గొంతులో కోపం కూడా లేదు. "నేను వెయ్యలా టీచర్. వాళ్ళు రాళ్ళు తీస్తంటే వద్దన్నా. చూడిది, కొట్టబాకండి అన్నా. దాని మెడ పట్టుకుని బయటికి లాక్కొస్తన్నా. అప్పుడు చేతి మీద పడింది పెద్ద రాయి. చెయ్యి వదిలేసరికి అది బెదిరి గుంతలోకి దూకింది."

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలా."

"అందరినీ అడిగాను నస్రీన్."

"నన్ను అడగలా టీచర్."

పొగరనుకున్నాను. విరిగిన చెయ్యి పట్టుకుని లాగాను నేను.

ఖాతూన్ బీ అంది, "రాత్రికి చెయ్యి బుడగలా వాచిన తర్వాత నాకు చెప్పింది. ఏనాడూ ఒక్క దెబ్బ వెయ్యలా దాన్ని నేను. మీ హెడ్మాస్టరు చెప్పాడు, నువ్వు పక్కన నిలబడి చూస్తన్నావు, చదువుకున్నోళ్ళు గదా అని మీ మాట నమ్మా. ఊరందరి ముందు నా చేత కొట్టించారు. మేక పోతే పోయింది, ఇంకోటి ఈనిద్ది."

"మీరు బడికి వచ్చి చెప్పాల్సింది."

"వచ్చి? మళ్ళీ అబద్ధమనిపించుకోనా?"

నేను తప్పయిందని అన్నాను. ఆ మాట నాకు సరిగ్గా రాలేదు. ఆమె మెత్తబడుతుందని అనుకున్నాను కాబోలు. మెత్తబడలేదు.

"ఈడ చెప్పబాక" అంది. "ఈడ నాకూ దానికీ తెలిసిందే. తెలవనోళ్ళకి పోయి చెప్పు."

తలుపు వేసుకుంది. ఆ ముసలామె అంటే నాకు ఇప్పటికీ పడదు. పడాలని ఎక్కడా రాసి లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

శ్రీకర్‌కు చెప్పాను. అంతా విని, "రేపు చెప్తావా?" అన్నాడు. చెబుతానన్నాను. చెబితే పుల్లారావు ఊరుకోడు అన్నాడు. తెలుసన్నాను.

అక్టోబర్ 13, సోమవారం

అసెంబ్లీలో ప్రతిజ్ఞ అయ్యాక మైక్ తీసుకున్నాను. హెడ్మాస్టరు గారు ఏదో మొక్కల సంగతి అనుకుని పక్కకు జరిగారు.

నస్రీన్ రాయి వెయ్యలేదని చెప్పాను. మేకను కాపాడబోయి చెయ్యి విరగ్గొట్టుకుందని చెప్పాను. రాళ్ళు వేసింది మిగతా గైడ్స్ అని, వాళ్ళకు మేకను శత్రువని నేర్పింది నేనని, ఎట్లాగైనా తోలమన్నది నేనని, రిబ్బన్లు ఇచ్చి ఉసికొల్పింది నేనని చెప్పాను. ఆ పిల్లను ఒక్క మాట కూడా అడగలేదని చెప్పాను. కాగితం రాసుకోలేదు. రాసుకుంటే మళ్ళీ నాకు అనుకూలంగానే రాసుకునేదాన్ని.

సాయి ప్రియ ఏడ్చింది. లిఖిత ఏడవలేదు. వరుసలోంచి బయటికి వచ్చి నా ముందు నిలబడింది.

"మీరు చెప్పిందే చేశాం గదా టీచర్. ఇప్పుడు మేం చెడ్డోళ్ళమా?"

"చెడ్డవాళ్ళని అనలేదు. కానీ అబద్ధం చెప్పారు."

"మీరూ ఏమీ చెప్పలా ఆ రోజు. మీరు గూడా అక్కడే ఉన్నారు."

రిబ్బన్లు విప్పి నా చేతిలో పెట్టింది. తన స్కార్ఫ్ మీద నాలుగున్నాయి. ఆ పిల్ల చూపు భరించడం ఖాతూన్ బీ చూపు కంటే కష్టమయింది. ముసలామెకు నేనెప్పుడూ ఏమీ కాను. ఈ పిల్లకు నిన్నటి దాకా నేనే అంతా.

అక్టోబర్ 14, మంగళవారం

పుల్లారావు గారు స్కూలుకు వచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టారు.

"ట్రాక్టర్ నేను పంపా. కంప నేను కొట్టించా. నువ్వేమో నా కూతురు రాళ్ళేసిందని మైకులో చెప్తావా? రేపు దాని పెళ్ళికి గూడా చెప్పుకుంటారమ్మా ఈ ఊళ్ళో."

"వేసింది కాబట్టి చెప్పాను."

"మేకల దానికోసం నా బిడ్డ తల దించుతావా?"

"నస్రీన్‌కు చెయ్యి విరిగిందండీ. వెళ్ళి చూసి రండి ఒకసారి."

"పేట నించి వచ్చి ఊళ్ళో తగాదాలు పెట్టి పోతారు మీరు" అని హెడ్మాస్టరు గారి వైపు తిరిగారు. "ఈమె ఈడ ఉండకూడదు."

హెడ్మాస్టరు గారు ఆయన వెళ్ళేదాకా ఆగి నాతో అన్నారు. "అసెంబ్లీలో ఎందుకమ్మా? నాకు చెవిలో చెప్పినా సరిపోయేది గదా. నన్ను గూడా అబద్ధాలకోరును చేశారు."

"మీరూ అడగలేదు సార్ ఆ పిల్లను."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను. ఇది కూడా నా నోరే.

అక్టోబర్ 16, గురువారం

గైడ్స్ జట్టును లెక్కల మేడంకు అప్పగించారు. వివరణ ఇవ్వమని నాకు మెమో. స్టాఫ్ రూంలో నా బల్ల మీద ఎవరూ టిఫిన్ పెట్టుకోవడం లేదు.

అక్టోబర్ 18, శనివారం

శనివారాలు ఏం చెయ్యాలో తెలియడం లేదు. కిటికీలోంచి చూస్తే లెక్కల మేడం పిల్లల చేత కవాతు చేయిస్తోంది. మొక్కల దగ్గరకు ఎవరూ పోవడం లేదు. కాపలా లేదు. కంచె పడిన చోట పడినట్టే ఉంది. ఊళ్ళో ఉన్న మేకలన్నీ వస్తున్నాయి. ఖాతూన్ బీవి మాత్రం రావడం లేదు. ఆమె ఆ దారే మానేసింది.

వెళ్ళి మేకల్ని నేనే బయటికి తోలాను. చేతులతో.

అక్టోబర్ 24, శుక్రవారం

మెమోకు జవాబు ఇచ్చాను. అసెంబ్లీలో చెప్పిందే రాశాను. శ్రీకర్ చదివి, అక్షరదోషం ఒకటి ఉంటే దిద్దాడు. ఇంకేమీ అనలేదు. అన్నం తినేటప్పుడు టీవీ పెట్టలేదు.

నవంబర్ 1, శనివారం

సాయి ప్రియ నా దగ్గరకు వచ్చింది. తను నస్రీన్ ఇంటికి వెళ్ళిందట. నస్రీన్ మాట్లాడిందట, కానీ వాళ్ళ నాయనమ్మ తిట్టిందట.

"నేను వేసిన రాయే తగిలిందేమో టీచర్. ఎవరిదో తెలవదు. అందరం వేశాం."

ఫర్వాలేదు అనబోయి ఆగిపోయాను. ఫర్వాలేదు కాదు కదా. "మళ్ళీ వెళ్ళు" అన్నాను. "తిట్టినా వెళ్ళు."

నవంబర్ 3, సోమవారం

ఉదయం గేటు దగ్గర ఖాతూన్ బీ నిలబడి ఉంది. పక్కన నస్రీన్, పుస్తకాల సంచితో. కట్టు విప్పేశారు, చెయ్యి సన్నగా, కొంచెం వంకరగా ఉంది. నేను దగ్గరకు వెళ్ళాను. ముసలామె నన్ను దాటి హెడ్మాస్టరు గారి గది వైపు చూస్తూ, గాలితో చెబుతున్నట్టు అంది.

"చదువు కోసం పంపుతున్నా. చదువు ఒక్కటే చెప్పమను. ఇంకేమీ నేర్పొద్దని చెప్పు."

పక్కకు తిరిగి ఉమ్మేసి, వెళ్ళిపోయింది.

నస్రీన్ నేరుగా క్లాసుకు వెళ్ళింది. ముందు బెంచీలో తన పాత చోటు ఖాళీగానే ఉంది. ఆఖరి బెంచీలో గోడ పక్కన కూర్చుంది. లిఖిత తల తిప్పలేదు. సాయి ప్రియ మాత్రం సంచి తీసుకుని వెనక్కి వెళ్ళింది, నస్రీన్ కొంచెం జరిగి చోటిచ్చింది.

ఎనిమిదో తరగతికి ఉన్నది ఒకే సెక్షన్. ఆ పిల్ల నన్ను చూడక తప్పదు. నేను ఆ పిల్లను చూడక తప్పదు. ఆ మెమో నన్ను ఇక్కడి నుంచి పంపెయ్యకపోతే, పదో తరగతి అయ్యేదాకా ఇంతే.

హాజరు తీశాను. ఈ స్కూల్లో పిల్లలందరూ లేచి 'ప్రెజెంట్ టీచర్' అంటారు, ఒక పాటలా. నస్రీన్ పేరు దగ్గరకు వచ్చేసరికి నా గొంతు కొంచెం తగ్గింది. మళ్ళీ పిలవాల్సి వచ్చింది.

లేచి నిలబడింది. నా వైపు కాదు, బోర్డు వైపు చూసింది.

"ప్రెజెంట్" అంది.

తర్వాతి మాట కోసం ఆగాను. క్లాసంతా ఆగింది.

నస్రీన్ కూర్చుంది. నేను టిక్కు పెట్టి, తర్వాతి పేరు పిలిచాను.